డ్రమ్మర్ ఆల్బమ్ అన్నారు, మరి డ్రమ్స్ సోలోలు ఏవి? (ఆర్ట్ బ్లేకీ, బర్డ్‌లాండ్, 1954)

చాపుతాళం, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచి మృదంగం నేర్చుకున్నవాణ్ణి. ఉద్యోగంలో పడ్డాక అది మూలకు చేరింది, పండక్కో పబ్బానికో తీసి వాయిస్తుంటా. జాజ్ గురించి నాకు తెలిసింది దాదాపు సున్నా.

మా ఆఫీసులో ఒకాయన "నువ్వు లయ మనిషివి కదా, ఇది విను" అని ఒక ఆల్బమ్ పంపాడు. ఆర్ట్ బ్లేకీ క్వింటెట్ (ఐదుగురి బృందం), 'ఎ నైట్ ఎట్ బర్డ్‌లాండ్'. 1954 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ అనే క్లబ్బులో జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేశారట. బ్లేకీ డ్రమ్మర్, బ్యాండు ఆయనది, కవర్ మీద పేరూ ఆయనదే. ఇంకేం, ఒక మంచి తని ఆవర్తనం (కచేరీలో మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం) దొరుకుతుందని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా.

తీరా వింటే ట్రంపెట్ ఆయన వాయిస్తాడు, శాక్సోఫోన్ ఆయన వాయిస్తాడు, పియానో ఆయన వాయిస్తాడు. డ్రమ్స్ అసలు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి కానీ ఆయన వంతు వచ్చేది చాలా తక్కువ. పైగా మొదటి నుంచి చివరిదాకా సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద 'చింగ్ చికచింగ్' అని ఒకటే మోత. నా చెవికి అది వర్షం పడుతున్న చప్పుడులా ఉంది, అందులో లెక్క ఎక్కడుందో పట్టుకోలేకపోతున్నా. మొదట్లో పిల్లాడిలా గొంతున్న ఒకాయన ఏదో ప్రకటిస్తాడు, ఆయనెవరు? మధ్యలో బ్లేకీ ఏదో చెత్తడబ్బా గురించి మాట్లాడితే జనం నవ్వుతారు, అదేంటి?

ఎగతాళికి అడగడం లేదన్నా. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఈ ఆల్బమ్‌లో డ్రమ్మర్ చేసిన పని ఏమిటి, ఎక్కడ వినాలి?

*

రాత్రి షిఫ్ట్:

ఆ గొంతు సంగతి నేను చెప్తా, మిగతాది డ్రమ్స్ వాయించేవాళ్ళకి వదిలేస్తా.

ఆయన పేరు పీ వీ మార్కెట్. బర్డ్‌లాండ్‌లో అనౌన్సర్. నాలుగడుగుల లోపు మనిషి, గొంతు అంత సన్నం. మ్యూజిషియన్స్ దగ్గర టిప్పు వసూలు చేసేవాడని, ఇవ్వనివాళ్ళ పేరు కావాలనే తప్పుగా పలికేవాడని ఆ రోజుల్లో అక్కడ వాయించినవాళ్ళు కథలు కథలుగా చెప్పుకున్నారు. ఈ రికార్డులో మాత్రం పేర్లన్నీ శుభ్రంగానే పలికాడు, అంటే ఆ రాత్రి ఆయనకి ముట్టాల్సింది ముట్టిందన్నమాట (ఇది నా ఊహ).

ఆయన గొంతు మీరు ఇంతకు ముందే విని ఉంటారు, తెలియకుండా. 1990ల మొదట్లో అస్ త్రీ అనే బ్రిటిష్ గ్రూపు 'క్యాంటలూప్' అని ఒక పాట చేసింది. హెర్బీ హాంకాక్ 1964లో రికార్డు చేసిన ట్యూన్ తీసుకుని దాని మీద ర్యాప్ పెట్టారు. ఆ పాట మొదట్లో "లేడీస్ అండ్ జెంటిల్‌మన్" అంటూ వినపడేది ఈ మార్కెట్ గారి ప్రకటనే, ఈ ఆల్బమ్ నుంచి కోసి అతికించింది. కాలేజీలో ఉండగా ఆ పాట క్యాసెట్ అరగదీశాం మేము.

*

వెనక కూర్చునేవాడు, విజయవాడ:

చాపుతాళం గారూ, మంచి ప్రశ్న అడిగారండీ. కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక పట్టండి.

నేను పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయిస్తా. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎలక్ట్రానిక్ ప్యాడ్లే, అసలు కిట్ వ్యాన్‌లో ఎక్కించుకుని తిరిగేవాళ్ళం కొద్దిమందే మిగిలాం. స్టేజి మీద నా చోటు ఎప్పుడూ వెనకే. సింగర్ వీపు, కీబోర్డ్ ఆయన పక్క మొహం, ఇవే నాకు కనపడేవి. రెండు పాటలయ్యాక సింగర్‌కి ఆయాసం వస్తే ముందుగా తెలిసేది నాకే. పాట ఎక్కడ జారుతోందో, ఎక్కడ లేపాలో ఆ వీపుని చూసి పట్టుకుంటా. జనానికి ఇదంతా కనపడదు, కనపడక్కర్లేదు కూడా. అందుకని బ్లేకీ రికార్డు పెట్టినప్పుడు నా చెవి ఆటోమేటిక్‌గా సోలో వాయించేవాడి కిందకి వెళ్ళిపోతుంది. మీరూ అక్కడికే రండి.

ముందు ఆ సింబల్ సంగతి తేల్చుకుందాం. పాత రోజుల్లో, అంటే 1930ల్లో, డాన్సు బ్యాండ్ల డ్రమ్మర్లు కాలితో బాస్ డ్రమ్ మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కొట్టి తాళం నడిపేవాళ్ళు. 1940ల మొదట్లో కెనీ క్లార్క్ లాంటివాళ్ళు ఆ బాధ్యతని పైకి, కుడి చేతి కింద ఉండే రైడ్ సింబల్ మీదకి మార్చేశారు. దాంతో కుడి కాలు, ఎడమ చెయ్యి ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన ఆ రెంటితో సోలో వాయించేవాడికి జవాబు చెప్పడం, మధ్యలో పొడవడం, ఎగదొయ్యడం మొదలుపెట్టారు. మీకు వర్షంలా వినపడుతున్నది నేలండీ. దాని మీద నిలబడి ఎడమ చెయ్యీ, కుడి కాలూ ఏం చేస్తున్నాయన్నదే కథ.

మరి లెక్క ఎక్కడ దొరుకుతుందంటే, ఎడమ కాలి దగ్గర. హై-హ్యాట్ అని రెండు సింబల్స్ ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉంటాయి, కాలితో నొక్కితే మూసుకుని 'చిక్' అంటాయి. బ్లేకీ ఆ చిక్‌ని రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా వేస్తాడు. పైన ప్రపంచం తల్లకిందులవుతున్నా ఆ చిక్ మాత్రం చోటు తప్పదు. మొదట దాన్ని పట్టుకోండి. అది దొరికితే ఒకటో దెబ్బ అదే దొరుకుతుంది.

ఈ ఆల్బమ్ రెండు వాల్యూమ్‌లు, అంటే రెండు ప్లేట్లు. ఇప్పుడు రెండోదానిలో 'నౌస్ ద టైమ్' పెట్టండి. శాక్స్ వాయించే చార్లీ పార్కర్ ట్యూన్. దీన్నే ఎందుకు చెప్తున్నానంటే 12 బార్ల బ్లూస్ ఇది, వేగం కూడా మనిషి అందుకోగలిగినంతే. బారుకి నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లు సొంత ఇంటి కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద ఉంటాయి, ఐదో బారులో వేరే కార్డుకి వెళ్తుంది, ఏడులో ఇంటికొస్తుంది, తొమ్మిదిలో ఇంకో కార్డుకి వెళ్ళి పదకొండులో మళ్ళీ ఇల్లు. పన్నెండు అయ్యాక మళ్ళీ ఒకటి. ఈ చుట్టుని కోరస్ అంటారు. మీ తాళంలో ఒక చుట్టు, అదే ఆవర్తనం, లాంటిదే, కాకపోతే పొడుగు. ముందు అందరూ కలిసి ట్యూన్ వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ ఈ చుట్టు మీద ఎన్ని కోరస్‌లు కావాలంటే అన్ని అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు, చివర్లో మళ్ళీ ట్యూన్.

సరే, శాక్స్ ఆయన సోలో మొదలైంది అనుకోండి. బారు బారుకీ వేలు ముడుస్తూ వెళ్ళండి. పదకొండు, పన్నెండు దగ్గరికి వచ్చేసరికి బ్లేకీ ఏం చేస్తున్నాడో వినండి. ఏదో ఒకటి చేస్తాడు. ఒక్కోసారి స్నేర్ (కిట్‌లో ముందుండే చిన్న డ్రమ్) మీద చిన్న దరువు వేసి వదిలేస్తాడు. ఒక్కోసారి ఏమీ చెయ్యకుండా ఊరుకుంటాడు, అదీ చెయ్యడమే. ఒక్కోసారి మాత్రం ప్రెస్ రోల్ వేస్తాడు. దాని గురించి కాసేపు చెప్పుకోవాలి.

ప్రెస్ రోల్ అంటే రెండు స్టిక్‌లనీ స్నేర్ చర్మానికి అదిమిపెట్టి వాయించడం. ఒక్కో దెబ్బా చర్మం మీద చిన్న చిన్నగా చాలాసార్లు ఎగురుతుంది, కుడి చేతి ఎగుళ్ళు అయిపోకముందే ఎడమ చెయ్యి అందుకుంటుంది, దాంతో దెబ్బలన్నీ కలిసిపోయి 'ర్ర్ర్ర్ర్' అని ఒకే ధార అయిపోతుంది. స్కూళ్ళలో బ్యాండు వాళ్ళు కూడా వేస్తారు దీన్ని. బ్లేకీ చేసే ప్రత్యేకత ఏంటంటే, చాలా చిన్నగా, దాదాపు వినపడనంతగా మొదలుపెట్టి, ఒకటి రెండు బార్లలో దాన్ని ఉబ్బించి ఉబ్బించి కొత్త కోరస్ ఒకటో దెబ్బ మీద పెద్ద సింబల్‌తో పగలగొడతాడు. సోలో వాయించేవాడికి అప్పుడు దాక్కోడానికి చోటుండదు. అంతవరకు వాయించింది చాల్లే, ఇప్పుడు అసలుది తియ్యి అన్నట్టే. వాడు తియ్యాల్సిందే. నేను ఇంట్లో ప్రాక్టీస్ ప్యాడ్ మీద దీని కోసం పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ధార రావడం కష్టం కాదు, చిన్న శబ్దంలో ధార రావడం కష్టం.

మీకు నచ్చేది ఇంకోటి ఉంది. బ్లేకీ ఒక చేత్తో టామ్ (కిట్‌లో ఇంకో రకం డ్రమ్) మీద కొడుతూ ఇంకో మోచేతిని అదే టామ్ చర్మం మీద ఆనించి నొక్కుతాడు. నొక్కే కొద్దీ శృతి పైకి జారుతుంది. మృదంగంలో ఎడమ వైపు చేత్తో గుమ్కీ తీస్తారే, వినడానికి ఆ కుటుంబమే. ఆయన వీడియోలు చూస్తే మోచెయ్యి కనపడుతుంది.

'ఎ నైట్ ఇన్ ట్యునీషియా' కూడా ఇలాగే వినండి. ట్యూన్ మొదటి భాగంలో ఒక రకం దరువు, క్యూబా వైపు వాసన ఉన్నది, మధ్య భాగంలోకి రాగానే మామూలు స్వింగ్, అంటే జాజ్ ఊపు. ఆ రెంటి మధ్యా గేర్ మార్చేది బ్లేకీ ఒక్కడే, మిగతా వాళ్ళు ఆయన వెనకాల వెళ్తారు. తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది ఆ పాట.

చెత్తడబ్బా జోకు కూడా ఈ పాట గురించే. ఇది ట్రంపెట్ వాయించే డిజీ గిలెస్పీ ట్యూన్. ఆయన దీన్ని టెక్సస్‌లో ఒక చెత్తడబ్బా అడుగు మీద పెట్టి రాసినప్పుడు నేను పక్కనే ఉన్నాను, అందుకే ఈ పాట నాకు దగ్గర అంటాడు బ్లేకీ. జనం నవ్వుతారు. "నిజంగానే" అని ఇంకో మాట తగిలిస్తాడు, ఇంకా నవ్వుతారు. 1944లో గిలెస్పీ, బ్లేకీ ఇద్దరూ బిల్లీ ఎక్స్టైన్ పెద్ద బ్యాండులో కలిసి పనిచేశారు, ఆ పరిచయం నిజం. చెత్తడబ్బా సంగతి దేవుడికెరుక. బ్లేకీ కథలు ఎక్కువ చెప్తాడండీ. తాను మొదట పిట్స్‌బర్గ్‌లో పియానో వాయించేవాణ్ణని, ఎరోల్ గార్నర్ అనే కుర్రాడు వచ్చి తనకంటే బాగా వాయించేసరికి క్లబ్బు ఓనరు పిస్తోలు చూపించి నువ్వు పోయి డ్రమ్స్ దగ్గర కూర్చో అన్నాడని కూడా చెప్పేవాడు.

ఇంతకీ నేను చెప్పేదేంటంటే, లీడర్ అంటే ఎక్కువ వాయించేవాడు కాదు ఇక్కడ. మిగతావాళ్ళు ఎలా వాయించాలో తేల్చేవాడు.

*

కమలాపురం శ్రోత:

వెనక కూర్చునే తమ్ముడు బాగా రాశాడు. కానీ నేను ఒప్పుకోను.

ఈ రికార్డు బ్లేకీ పేరుతో ఉంది, అంతవరకే. ఇది ట్రంపెట్ వాయించిన క్లిఫర్డ్ బ్రౌన్ రికార్డు. ఆ రాత్రికి అతనికి 23 ఏళ్ళు. 1950లో కారు ప్రమాదంలో నుజ్జయి దాదాపు ఏడాది ఆసుపత్రిలో ఉన్నవాడు. లేచి వచ్చి నాలుగేళ్ళు తిరక్కముందే ఇలా వాయిస్తున్నాడు. మొదటి వాల్యూమ్‌లో 'వన్స్ ఇన్ ఎ వైల్' వినండి. నెమ్మది పాట, పాట మొత్తం ఇతనిదే. నెమ్మది పాటని నెమ్మదిగానే వాయిస్తూ, మధ్యలో ముత్యాలు చల్లినట్టు వేగం పలుకులు వేసి మళ్ళీ నిదానంగా దిగుతాడు. ఎంత వేగంలోనైనా ఒక్కో స్వరానికి గుండ్రటి శరీరం ఉంటుంది, నలిగిపోదు. ట్రంపెట్ పెదాలతో వాయించే వాద్యమయ్యా. కాసేపటికి పెదవి అలిసిపోతుంది. ఇతనికి అలుపున్నట్టు కనపడదు.

1956 జూన్ 26న మళ్ళీ కారు ప్రమాదం, పెన్సిల్వేనియా హైవే మీద. ఈసారి లేవలేదు. 25 ఏళ్ళు. ఆ కారులో ఉన్న పియానో వాద్యకారుడు రిచీ పవెల్, అతని భార్య కూడా పోయారు. అంత తక్కువ కాలంలో అతను మిగిల్చిన లైవ్ రికార్డుల్లో ఇది తలమానికం. దీన్ని డ్రమ్స్ పాఠం కింద వాడుకోవడం నాకు మనస్కరించదు.

*

వెనక కూర్చునేవాడు:

అన్నా, క్లిఫర్డ్ గురించి మీరన్న ఒక్క మాట కాదనను. కానీ అదే క్లిఫర్డ్ 1953లో స్టూడియోలో చేసినవి పెట్టి, పక్కన ఇది పెట్టి వినండి. స్టూడియోలో చాలా అందంగా, చక్కగా వాయిస్తాడు. ఇక్కడ భయం లేకుండా వాయిస్తాడు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటారు? కొంత జనం నుంచి వచ్చింది. బర్డ్‌లాండ్ బ్రాడ్‌వే మీద ఒక బిల్డింగ్ సెల్లార్‌లో ఉండేది. పీ వీ మార్కెట్ కూడా తన ప్రకటనలో "డౌన్ హియర్" (ఇక్కడ కింద) అనే అంటాడు. అక్కడ టేబుళ్ళ దగ్గర అరుస్తూ ఉంటారు, రికార్డులో వినపడుతుంది. ఎక్కువ భాగం మాత్రం వెనక నుంచి తోసేవాడి నుంచి వచ్చింది.

ఇంకో కారణం అంతగా ఎవరూ అనుకోరు. పాత 78 ఆర్పీఎం గ్రామఫోన్ ప్లేటు మీద మూడు నిమిషాలే పట్టేది. ట్యూన్ పోగా సోలోకి ఒక కోరస్ దొరికితే గొప్ప. ఒక కోరస్‌లో డ్రమ్మర్ ఎవర్ని ఎక్కడికని లేపుతాడు? ఎల్పీ (ఎక్కువసేపు మోగే ప్లేటు) వచ్చాక ఒక్కో పక్కకి పావుగంట దాకా చోటు దొరికింది. 'స్ప్లిట్ కిక్' ఎనిమిది నిమిషాల పైనే. అప్పుడు కోరస్ తర్వాత కోరస్‌గా మెట్లు కట్టుకుంటూ పోవచ్చు. మొదటి కోరస్‌లో తక్కువ, రెండోదానిలో కొంచెం పొడవడం, నాలుగోదానికి ప్రెస్ రోల్. ఈ కట్టుబడి మూడు నిమిషాల్లో కుదరదన్నా. బ్లేకీ పద్ధతి బయటికి రావాలంటే ఇంత చోటు, ఇలాంటి రాత్రి రెండూ కావాలి.

మిగిలిన వాళ్ళనీ ఒకసారి చూడండి. పియానో హోరెస్ సిల్వర్, 25 ఏళ్ళు. శాక్స్ లూ డొనాల్డ్‌సన్, 27. బ్లేకీకే 34. పెద్దవాడు బాస్ వాయించిన కర్లీ రసెల్ ఒక్కడే, 36. ఆ రాత్రి బ్లేకీ మైకులో ఒక మాట అంటాడు: నేను కుర్రాళ్ళతోనే ఉంటాను, వీళ్ళు ముసలివాళ్ళయ్యాక ఇంకా చిన్నవాళ్ళని తెచ్చుకుంటాను, బుర్ర చురుగ్గా ఉంటుంది అని. అందరూ జోకనుకుని నవ్వుతారు. ఆ తర్వాత 'జాజ్ మెసెంజర్స్' అని పేరు పెట్టుకుని 1990లో పోయేదాకా అదే పని చేశాడు. లీ మోర్గన్, వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబర్డ్, వింటన్ మార్సాలిస్, అందరూ కుర్రతనంలో ఈయన ముందు నిలబడి వాయించినవాళ్ళే. చివరి రోజుల్లో చెవులు వినపడకపోయినా స్టేజి మీద వినికిడి మిషను పెట్టుకునేవాడు కాదట. అదిరేదాన్ని బట్టి పట్టుకునేవాడు.

నా మటుకు నాకు, సిల్వర్ పియానో ఈ ఆల్బమ్‌లో సగం డ్రమ్స్ లెక్క. పొడుగాటి అలంకారాలు ఉండవు, కార్డుని గుద్ది వదిలేస్తాడు. ఆ గుద్దులు బ్లేకీ స్నేర్ దెబ్బల మధ్య సందుల్లో పడతాయి. ఒకరి మీద ఒకరు పడకుండా, ముందుగా అనుకోకుండా. నేను కీబోర్డ్ వాళ్ళతో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, ఎడమ చేత్తో బాస్ వాయించకండి బాబూ నా కిక్ (కాలితో కొట్టే బాస్ డ్రమ్) మీద పడుతోంది అని. చివరికి ఒకాయన "నువ్వు కొట్టడం మానెయ్యొచ్చుగా" అన్నాడు.

*

చాపుతాళం:

అన్నలూ, ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక 'నౌస్ ద టైమ్' పెట్టుకుని వేళ్ళు ముడుస్తూ విన్నా. మొదటిసారి ఎనిమిదో బారు దగ్గరే తప్పిపోయా, ఎందుకంటే నా చెయ్యి ఎనిమిదికి ఆవర్తనం అయిపోయిందనుకుంటుంది. అలవాటు ప్రాణం తీసింది. ఆ హై-హ్యాట్ చిక్ దొరికాక దారిలో పడ్డా.

ఒకటి గమనించా, సరో కాదో చెప్పండి. మా కచేరీల్లో పక్కవాద్యం పాడేవాళ్ళ సంగతిని అందుకుని అనుసరిస్తుంది, పల్లవి చివర వాళ్ళతో కలిసి దిగుతుంది. బ్లేకీ అనుసరిస్తున్నట్టు లేదు. వాళ్ళు ఇంకా మాట ముగించకముందే తర్వాతి మాటకి తలుపు తీసి నిలబడుతున్నాడు. అంటే వాయించేవాడికి ముందు ఉన్నాడు. మా గురువుగారైతే దీనికి నా తొడ మీద ఒకటి వేసేవారు.

ఇంకో సందేహం. తని ఆవర్తనం యావ ఇంకా పోలేదు నాకు. బ్లేకీ ఒక్కడే పొడుగ్గా వాయించింది వినాలంటే ఏది?

*

వెనక కూర్చునేవాడు:

సరిగ్గా పట్టుకున్నారండీ. 'తలుపు తీసి నిలబడటం' అన్నారే, దాన్ని నేను రేపటి నుంచి మా కుర్రాళ్ళకి చెప్తా, మీ పేరు చెప్పను.

పొడుగు సోలో కావాలంటే అదే 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా'ని 1960లో మళ్ళీ చేశాడు, ఆ పేరుతోనే ఆల్బమ్ ఉంది. స్టూడియో రికార్డు. లీ మోర్గన్ ట్రంపెట్, వేన్ షార్టర్ టెనర్ శాక్స్. దాదాపు 11 నిమిషాలు, డ్రమ్స్ ఉతికి ఆరేస్తాయి. మిగతావాళ్ళు కూడా చేతికి దొరికిన గిలకలూ కర్రలూ పట్టుకుంటారు. మీ యావ తీరిపోతుంది. కానీ అది విన్నాక మళ్ళీ 1954ది పెట్టండి. నా ఓటు ఇప్పటికీ దీనికే. 1960లో ఏనుగు వస్తోందని ఊరంతా తెలుస్తుంది, ఇక్కడ తెలియకుండానే పక్కకి తప్పుకుంటాం.

*

కమలాపురం శ్రోత:

తమ్ముడూ, 1953వి మళ్ళీ తీసి విన్నాను. ఆగస్టు సెషన్‌లో డ్రమ్స్ బ్లేకీయే ఉన్నాడు చూశావా? మరి అక్కడెందుకు తొయ్యలేదు నీ వాడు?

*

వెనక కూర్చునేవాడు:

అన్నా, అది క్లిఫర్డ్ పేరుతో చేసిన సెషన్ కదా! అక్కడ బ్లేకీ కూలికి వచ్చినవాడు. పైగా ఆరుగురు మనుషులు, రాసుకొచ్చిన అరేంజ్‌మెంట్లు, మూడు నాలుగు నిమిషాల పాటలు. నేనైనా అంతే వాయిస్తా. ఇంకొకరి ప్రోగ్రామ్‌కి పిలిస్తే వెళ్ళి, వాళ్ళడిగింది వాయించి, కవర్ తీసుకుని ఇంటికొస్తా. నా సొంత ప్రోగ్రామ్‌లో చూడండి నన్ను. నా వాదనకి మీరే సాక్ష్యం ఇచ్చారు.

*

కమలాపురం శ్రోత:

ఊఁ. సగం ఒప్పుకున్నాను. మిగతా సగం 'వన్స్ ఇన్ ఎ వైల్' దగ్గరే ఉంటుంది.

*

ప్లేట్ల పెట్టె, న్యూజెర్సీ:

ఆలస్యంగా వచ్చాను. కొనాలనుకునేవాళ్ళకి కాస్త సమాచారం.

ఇది మొదట బ్లూ నోట్ కంపెనీ మూడు పది అంగుళాల ఎల్పీలుగా వేసింది. తర్వాత పన్నెండు అంగుళాలు మామూలయ్యాక రెండు ప్లేట్లుగా సర్దింది, నంబర్లు 1521, 1522. ఇప్పుడు మనం వాల్యూమ్ 1, 2 అంటున్నది వీటినే. సీడీల్లో అదనపు పాటలు కలిపారు, 'ద వే యూ లుక్ టునైట్', 'లూస్ బ్లూస్' వగైరా. 'క్విక్‌సిల్వర్' రెండు వాల్యూమ్‌లలోనూ ఉంటుంది, ఒకే రాత్రి రెండుసార్లు వాయించినవి. పొరపాటున ఒకటే రెండుసార్లు వేశారనుకుని దాటెయ్యకండి. డ్రమ్స్ గురించి ఇంత మాట్లాడుకున్నారు కాబట్టి చెప్తున్నా, ఆ రెంటినీ వెంటవెంటనే వినండి. ట్యూన్ అదే, మనుషులు వాళ్ళే, కింద బ్లేకీ వేసే దెబ్బలు మాత్రం వేరు.

రికార్డు చేసిన ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్. పగలు కళ్ళజోళ్ళ డాక్టరుగా పనిచేస్తూ, హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందు గదిలోనే రికార్డింగులు చేసిన మనిషి. మేముండేది ఆ ఊరికి దగ్గరే. ఈ రాత్రికి మాత్రం మిషన్లు మోసుకుని క్లబ్బుకి వెళ్ళాడు. మోనో రికార్డింగు, అంటే కుడి ఎడమ వేరు లేకుండా ఒకే శబ్దం, అందుకే హెడ్‌ఫోన్స్‌లో అంతా తల మధ్యలో కుప్పపోసినట్టు ఉంటుంది. చాపుతాళం గారికి సింబల్ మోత ఎక్కువ అనిపించడానికి అదీ ఒక కారణం. మామూలు స్పీకర్లో, గదికి అవతల కూర్చుని వినండి. సింబల్ వెనక్కి వెళ్ళి కిక్, స్నేర్ బయటికి వస్తాయి. ఇలాంటి పాత మోనో రికార్డులకి నేను ఎప్పుడూ ఒక్క స్పీకరే వాడతా, మా ఆవిడ రెండోది ఎందుకు కొన్నావని అడుగుతూ ఉంటుంది.

ఆ స్టేజి మీద నిలబడ్డ ఐదుగురిలో చివరిదాకా ఉన్నది లూ డొనాల్డ్‌సన్. 2024 నవంబరులో 98 ఏళ్ళకి పోయారు. ఈ చర్చలో పేరూ వయసూ తప్ప ఆయన వాయింపు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, అన్యాయం. రెండో వాల్యూమ్‌లో 'ఇఫ్ ఐ హ్యాడ్ యూ' ఆయన పాట.

*

చాపుతాళం:

అయ్యో, ఆయన్ని నేనూ పట్టించుకోలేదు. ఈ రాత్రికి అదే వింటా, స్పీకర్లో. ఇంతకీ 'క్విక్‌సిల్వర్' రెండిట్లో ముందు వాయించింది ఏది?

*

ప్లేట్ల పెట్టె, న్యూజెర్సీ:

రెండూ విని మీరే చెప్పండి. ఎవరి చేతులు అప్పటికే వేడెక్కి ఉన్నాయో మృదంగం వాయించేవాళ్ళకి తెలియదా?